రేడియో డబ్బా జిల్లుమన్నాక

ఆ ఆదివారం మబ్బు పట్టి ఉంది. మా ఆయన రేడియో బల్లను నేను తుడుస్తుంటే యాంప్లిఫయర్ రేకు నా వేళ్లకు జిల్లుమంది. చీమ కుట్టినట్టు, అంతే. అయినా చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

మాది జహీరాబాద్. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తారు. లైసెన్సు ఉన్న హ్యామ్ కూడా, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడుపుతారు. డ్యూటీ దిగితే చాలు, మైకు ముందు కూర్చుని ముఖం తెలియనివాళ్లతో గంటలకొద్దీ ముచ్చట. ఆ మాటను దూరం పంపేదే ఈ యాంప్లిఫయర్. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. నాతో అందులో సగం మాట్లాడినా చాలని ఎన్నోసార్లు దెప్పాను.

“ఓ, గీ డబ్బా కొడుతున్నది, జర చూడున్రి,” అన్నాను.

“అది ఆర్ఎఫ్, పద్మా. రేడియో తరంగం జర డబ్బా మీదికి తిరిగొస్తది. మా హ్యాములందరికి గట్లనే అయితది. ఫికర్ చెయ్యకు,” అని నవ్వారు.

ఆయనకు తెలిసిన పని కదా, నమ్మాను.

వానాకాలం ముదిరింది. ఒకరోజు ఉరుములు మొదలవగానే పిడుగు భయానికి ఆయన ఆంటెన్నా తీగ పీకేశారు. లోపలి గాజు వాల్వు మళ్లీ వేడెక్కడానికి టైం పడుతుందని యాంప్లిఫయర్ మాత్రం ఆపలేదు. డాబా మీది బట్టలు తేవడానికి వెళ్లారు. కిటికీలోంచి జల్లు కొడుతోంది. డబ్బా తడుస్తుందని ఎడమచేత్తో కిటికీ ఇనుప ఊచ పట్టుకుని, కుడిచేత్తో దాన్ని జరపబోయాను.

చెయ్యి అతుక్కుపోయింది. వదలాలనుకుంటే వదలదు. అరవాలంటే గొంతు రాదు. ఛాతీ బిగిసిపోయింది. గుమ్మంలో మా ఆయన కనిపించారు. నన్ను చూశారు, బట్టలు పడేశారు, వెనక్కి తిరిగి పరుగెత్తారు. నన్ను వదిలేసి పోతున్నారనుకున్నాను. అంత భయం ఎన్నడూ ఎరగను. మరుక్షణం ఫ్యాను, లైటు అన్నీ ఆగాయి. నేను కిందపడ్డాను. ఆయన పరుగెత్తింది మెయిన్ స్విచ్ దగ్గరికి.

దవాఖానలో డాక్టరమ్మ అరచేతిలో కాలిన మచ్చను ఒకసారి చూసి వదిలేసింది. ఈసీజీ కాగితం మాత్రం వదల్లేదు.

“ఈ చేతికెల్లి ఆ చేతికి కరెంటు పోయిందంటే నడుమ గుండె ఉంటది గదమ్మా. బీట్ తప్పుతున్నది. మానిటర్ మీద పెడతం.”

గుండెకు దెబ్బ తగిలిందేమో చూడ్డానికి ట్రోపోనిన్, సీపీకే అని రక్తం తీశారు. మానిటర్ బీప్ కాస్త ఆలస్యమైతే చాలు, మంచం పట్టీ గట్టిగా పట్టుకునేదాన్ని. అది ఇనుమని గుర్తొచ్చి వదిలేసేదాన్ని.

బీట్ కుదుటపడ్డాక ఇంటికి పంపారు. అసలు బాధ అక్కడ మొదలైంది. కుట్టుమిషన్ మోటారు పెడల్ మీద కాలు పెట్టగానే గుండె దడ, చేతులు చల్లబడటం, ఊపిరి ఆడకపోవడం. ఇంక ఆగిపోయిందనుకుని మళ్లీ దవాఖానకు పరుగు. సంగారెడ్డిలో ఎకో అని గుండె స్కానింగు తీశారు. గుండె లయ రాసుకోవడానికి హోల్టర్ అని ఛాతీకి తగిలించారు. దానికీ వైర్లే!

“గీ వైర్లకెల్లి కరెంటు రాదా సార్?” అని అడిగాను.

డాక్టరు నవ్వలేదు. “చిన్న బ్యాటరీ అమ్మా, ఏం గాదు.” రిపోర్టు వచ్చాక చెప్పారు: “గుండె మంచిగున్నది. ఇవి పానిక్ అటాక్స్. భయం గూడ జబ్బే, దానికి గూడ మందున్నది.” మాత్రలూ కౌన్సెలింగూ రాశారు.

ఈలోగా మా ఆయన టెస్టింగ్ మీటరు పట్టుకుని కారణం వెతికారు. ఒక సాయంత్రం వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు.

“డబ్బా లోపటి ట్రాన్స్‌ఫార్మర్‌కు తేమ పట్టి కరెంటు పై రేకుకు లీకైతున్నది. ప్లగ్గు ఎర్తు వైరు గోడల ఎన్నడో తెగింది. ఆంటెన్నా తీగ బయట భూమిల దింపిన రాగి కడ్డీకి కట్టి ఉండె. లీకంత దాంట్లకెల్లే పోతుండె. పిడుగొస్తదని నేను అదే పీకిన.” చేతిలోని మీటరు కింద పెట్టారు. “నీకు జిల్లుమన్ననాడు గూడ అది పీకే ఉండె. నేను మైకుల మాట్లాడనప్పుడు ఆర్ఎఫ్ యాడికెల్లి వస్తది, పద్మా?” అని ఏడ్చారు.

నాకు జాలి కలగలేదు. “ఆ డబ్బా నా కండ్ల ముందట ఉండొద్దు,” అన్నాను.

దాన్ని అటక ఎక్కించారు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో కొత్త ఎర్తు గుంత తీయించి, వైరింగు మార్పించారు. ఆ కడ్డీనీ ఇంటి ఎర్తుకే కలిపించారు. లీకైతే వెంటనే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పెట్టించారు. నేను మళ్లీ మోటారు మీద కుట్టడం మొదలుపెట్టిన రోజుల్లో, నా మిషన్ నడిచినంతసేపు ఆయన మెయిన్ స్విచ్ మీద చెయ్యేసి నిలబడేవారు. పొమ్మన్నా పోయేవారు కాదు.

ఇప్పుడు మాత్రల అవసరం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాక రేడియో మళ్లీ బల్లెక్కింది. నేను దాన్ని ముట్టను. ఉరిమితే ఇప్పటికీ వణుకుతాను.

మీకు చెప్పేది ఒకటే. ఇంట్లో ఏ వస్తువు జిల్లుమన్నా, ఎంత తెలిసినవాళ్లు ఏం కాదన్నా, మెయిన్ ఆపి ప్లగ్గు తీయండి. ఎర్తు భూమిదాకా పోతోందో లేదో ఎలక్ట్రీషియన్ మీటరుతో చూపించేదాకా మళ్లీ పెట్టకండి.

మా ఇంట్లో ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నెలనెలా నేనే నొక్కుతాను. టక్కుమని ఇల్లంతా ఆగిపోతుంది. ఆ కాస్తసేపు నా గుండె చప్పుడు నాకు వినిపిస్తుంది. అది విన్నాకే స్విచ్ పైకెత్తుతాను.