పెళ్ళి జనంలో వెతికిన ముఖం

పుత్తూరులో జరిగిన ఆ క్యాథలిక్ పెళ్ళికి ఫోటోలు తీయడానికి నన్ను పిలిచిన కారణం ఒక్కటే, నేను ఆడదాన్ని కావడం. పెళ్ళికూతుర్ని సింగారించే గదిలోకి మగవాళ్ళు కెమెరాలు పట్టుకొని రాకూడదని ఆమె తల్లి పట్టుబట్టిందట. తిరుపతిలో నాకొక చిన్న స్టూడియో ఉంది. మా నాయన పెట్టింది. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. మేము హిందువులమే అయినా చర్చి పెళ్ళిళ్ళు నాకు కొత్త కాదు. పూజలో ఫాదర్ గోధుమ అప్పాన్ని రెండు చేతులతో పైకెత్తే సమయంలో ఫ్లాష్ వెలగకూడదని, పీఠం మెట్లు ఎక్కకూడదని, ఆ అప్పాన్ని దివ్యసత్ప్రసాదంగా తీసుకునేవాళ్ళ నోటి దగ్గరికి లెన్సు పెట్టకూడదని ఎప్పుడో నేర్చుకున్నాను.

పెళ్ళికూతురి తండ్రి రిటైరైన హెడ్మాస్టరు. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. మగపెళ్ళివారు వేలూరు వైపు నుంచి బస్సులు మాట్లాడుకొని వచ్చారు. పొద్దున్నే నేను చేరేసరికి చర్చి ఆవరణంతా షామియానాలు, తెలుగూ అరవమూ కలిసిన కేకలు, ఒక మూల బ్యాండువాళ్ళు, ఇంకో మూల బిర్యానీ పొయ్యిలు. అంత జనమున్న పెళ్ళి నేను అంతకుముందు తీయలేదు.

ఇల్లు చర్చి వెనక సందులోనే. లోపలి గదిలో పెళ్ళికూతురికి తెల్ల పట్టుచీర కట్టి, తలమీద సన్నని ముసుగు నిలబెట్టడానికి ఇద్దరు మేనత్తలు పిన్నులు పెడుతున్నారు. నేను కిటికీ వెలుతురులో ఆమె చేతులు, గాజులు, అద్దంలో ముఖం తీస్తున్నాను. అప్పుడు తల్లి లోపలికి వచ్చింది. కూతుర్ని ఒకసారి చూసి, బొటనవేలితో నుదుట సిలువ గుర్తు వేసింది. ఆ తర్వాత ఆమె చూపు నా పొడుగు లెన్సు మీద నిలిచింది.

"పాపా, దీంట్లో దూరంగా ఉండేవాళ్ళు బాగా అగుపడతారా?"

"అగుపడతారమ్మా. గేటు కాడ నిలబడినోళ్ళ మొహం మీద మచ్చ గూడా తెలుస్తాది."

ఆమె నా చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయింది. పనివాళ్ళు అంట్లు తోముతుంటే వాళ్ళకు వినపడకుండా గోడవారకు జరిగి, చీరకొంగులోంచి ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. తెల్లటి పొడుగు అంగీలు వేసుకున్న కుర్రాళ్ళ గుంపు. వాళ్ళ మధ్య, కొంచెం వంగి నిలబడిన ఒక బక్కపలచని కుర్రాడి మీద వేలు పెట్టింది.

"నా కొడుకు. మా పెండ్లికూతురి కంటే పెద్దోడు. ఫాదర్ అవుతానని సెమినరీలో చేరినాడు. చిన్నప్పుడు తువ్వాలు బుజాన ఏసుకోని, చెల్లెలి నోట్లో బిస్కెత్తు పెట్టి పూజ ఆట ఆడేవాడు. నీ పెండ్లికి పూజ నేనే సేస్తా సూడు అనేవాడు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాటల్లా వచ్చాయి. కొడుకు చదువు మధ్యలో తిరిగొచ్చేశాడట. ఆ జీవితం తనవల్ల కాదన్నాడట. ఊరంతా తలెత్తి చూసే మనిషి కాబట్టి తండ్రికి అది పెద్ద అవమానమయింది. కొట్టలేదు, తిట్టలేదు. కొడుకుతో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద తింటూ నెలల తరబడి మాట లేదు. ఒకరోజు తిరుపతిలో ఏదో ఇంటర్వ్యూ ఉందని చెప్పి కుర్రాడు బస్సెక్కాడు. అంతే. ఫోను మోగలేదు, మనిషి రాలేదు. అప్పటికి ఏళ్ళు గడిచాయి.

"చెల్లెలి పెండ్లికి రాకుండా ఉండడు పాపా. నాయన ముందరికి వచ్చేదానికి మొహం చెల్లక యాడో ఎనకాల నిలబడి ఉంటాడు. నేను ముందర కూసోవాల, తిరిగి తిరిగి సూస్తే బాగుండదు. నువ్వయితే అందర్నీ సూస్తావు గదా. అగుపడితే నాకు ఒగ సైగ చెయ్యి."

చూస్తానమ్మా అన్నాను.

ఆ రోజు నా పని నా చేతిలో లేకుండా పోయింది. మామూలుగా నేను వెలుతురు వెతుకుతాను, చేతులు వెతుకుతాను, ఎవరూ చూడటం లేదనుకొని కళ్ళు తుడుచుకునే మనుషుల్ని వెతుకుతాను. ఆ రోజు ఒక్క ముఖమే వెతికాను. తండ్రి చేయి పట్టుకొని పెళ్ళికూతురు చర్చి మధ్యదారిలో నడిచొస్తుంటే, నా కన్ను వాళ్ళను దాటి తలుపు దగ్గర నిలబడ్డ మగవాళ్ళ వరుస మీదికి పోయింది. బక్కగా, కొంచెం వంగి ఉన్న ప్రతి మనిషీ అతనిలాగే కనిపించాడు. వాయిద్యాలు పట్టుకొని గోడకు ఆనుకున్న బ్యాండువాళ్ళ ముఖాలు కూడా ఒక్కొక్కటే దగ్గరికి లాగి చూశాను.

బైబిలు పఠనాలు చదువుతున్నప్పుడు గేటు దగ్గర ఒకతను కనపడ్డాడు. గడ్డం, లోపలికి పోయిన కళ్ళు, మెడలోంచి వేలాడే గుడ్డలో పుత్తూరు కట్టు కట్టిన చెయ్యి. ఆ ముక్కూ నుదురూ ఫోటోలో చూసినట్టే ఉన్నాయి. పక్క తలుపులోంచి బయటికి పోయి అతని దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, మీది ఏ ఊరు?"

అతను ఏదో తప్పు చేసినవాడిలా వెనక్కి జరిగాడు. "ఐరాల కాడమ్మా. మామిడిచెట్టు మీద నించి పడి చెయ్యి ఇరిగింది. కట్టు కట్టించుకోని పోతా ఉంటే బ్యాండు ఇనపడింది. బయటోళ్ళకి గూడా అన్నం పెడతారంట గదా?"

దగ్గర్నుంచి చూస్తే నలభై దాటిన మనిషి. పెడతారన్నా, ఉండండి అని చెప్పి లోపలికి వచ్చాను. ముందు వరుసలోంచి తల్లి నా వైపే చూస్తోంది. తల అడ్డంగా ఊపాను. ఆమె మళ్ళీ పీఠం వైపు తిరిగింది.

ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగానే వచ్చారా అని ఫాదర్ ఇద్దర్నీ అడిగారు. ఉంగరాలు మార్చుకున్నారు. సిలువ గుర్తున్న తాళి కట్టేటప్పుడు పెళ్ళికొడుకు వేళ్ళలోంచి ముడి జారింది, జనం నవ్వారు. నా ఫోటోలు బాగానే వస్తున్నాయి. ఆ తర్వాత విశ్వాసుల ప్రార్థనలు. బంధువు ఒకాయన కాగితం పట్టుకొని మైకు దగ్గరికి వచ్చాడు. కొత్త దంపతుల కోసం, జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం ఒక్కొక్కటే చదివాడు. చివరికి ఈ కుటుంబంలో చనిపోయినవాళ్ళ ఆత్మల కోసం అంటూ తాత పేరు చదివాడు. అవ్వ పేరు చదివాడు. ఆ వెంటనే కొడుకు పేరు చదివాడు.

ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి అని చర్చి అంతా ఒక్క గొంతుతో అనేసింది. ఆ మాట అయిపోయాక తల్లి లేచి నిలబడింది.

"వాడు సావలేదు."

అరవలేదు. లెక్క తప్పు చెప్పిన పిల్లవాడిని సరిచేసినట్టు అంది. ఆమె చుట్టూ చూసి మళ్ళీ అంది, "ఎవురు రాసినారు అది? వాడు సావలేదు."

తండ్రి తలెత్తలేదు. ముసుగు అంచు పట్టుకొని పెళ్ళికూతురు వెనక్కి తిరిగింది. ఆ ముఖం నేను తీయలేదు. కెమెరా దించేశాను. పాటల బృందం కంగారుగా కానుకల పాట ఎత్తుకుంది. వెనక వరుస ఆడవాళ్ళు తల్లిని భుజాలు పట్టి కూర్చోబెట్టారు. పూజ ఆగలేదు. గంట మోగింది, అందరూ మోకరించారు. దివ్యసత్ప్రసాదానికి వరుసలు కదిలినప్పుడు తండ్రి వెళ్ళి తీసుకొని, వచ్చి ఆమె పక్కన మోకరించాడు. ఆమె వెళ్ళలేదు. వాళ్ళిద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది.

గ్రూపు ఫోటోలకు తల్లి నేను ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడింది. నవ్వమంటే నవ్వింది కూడా. ఒక్కదాంట్లో కూడా కెమెరా వైపు చూడలేదు. నా తల మీదుగా గేటు వైపు చూస్తూనే ఉంది.

కొన్ని వారాల తర్వాత ఒంటరిగా నా స్టూడియోకు వచ్చింది. ఆల్బం కోసమేమో అనుకున్నాను.

"అన్నీ సూపించు పాపా. మీరు పనికిరావని పారేసేవి గూడా."

కంప్యూటరు ముందు కుర్చీ వేశాను. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా చాలా రోజులు పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం పోయేది. కూతుర్ని చూసేది కాదు. ప్రతి ఫోటోలోనూ అంచులు చూసేది. మసకగా పడ్డ తలలు, సగం తెగిన భుజాలు, స్తంభం వెనక నీడలు పెద్దవి చేయమనేది. నేను వేరే పని చేసుకుంటూ మధ్యలో కాఫీ తెప్పించేదాన్ని. ఒకసారి కిటికీలోంచి రోడ్డు మీద పోతున్న యాత్రికుల్ని చూస్తూ, "ఈ ఊర్లో అందరూ గుండ్లే. వాడు గుండు కొట్టించుకోనుంటే నేను ఎట్లా గుర్తుపట్టేది?" అంది.

చివరికి గేటు దగ్గర ఆ కట్టు చేతి మనిషి పడ్డ ఫోటో దగ్గర ఆగింది. తెర మీద చెయ్యి పెట్టింది.

"వీడే."

"కాదమ్మా. ఆయనతో నేను మాట్లాడినా. ఐరాల ఆయన. వయసు గూడా పెద్దది."

"గడ్డముంటే మనిషి పెద్దగానే అగుపడతాడు."

"కాదమ్మా, నా మాట ఇనండి."

"నీకు నిజం ఎందుకు సెప్తాడు? నాయన మనిషివని బయపడి ఏదో ఊరి పేరు సెప్పుంటాడు." ఆమె కళ్ళు అప్పుడు ఎలా వెలిగాయో నాకు ఇప్పటికీ గుర్తుంది. "చెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు సూడు, పిచ్చోడు."

కట్టు కట్టించుకున్నవాళ్ళు మళ్ళీ దాన్ని మార్పించుకోవడానికి రావాలి. ఆ సంగతి పుత్తూరులో పుట్టి పెరిగిన ఆమెకు నేను చెప్పక్కర్లేదు. ఆ మర్నాటి నుంచి కట్టు కట్టేవాళ్ళ ఇంటి ముందు అరుగు మీద, విరిగిన కాళ్ళూ చేతులతో వచ్చినవాళ్ళ మధ్య కూర్చోవడం మొదలుపెట్టిందట. ఒక మధ్యాహ్నం ఫోను చేసింది.

"వచ్చినాడు పాపా."

ఎవరమ్మా, మీవాడా అన్నాను.

"నువ్వు సెప్పిందే నిజం. రెండు చేతులతో మొహమంతా తడిమి సూసినా. బయపడిపోయినాడు పాపా ఆయప్ప." తర్వాత ఫోను పెట్టేసింది. మళ్ళీ స్టూడియోకు రాలేదు.

ఆల్బం ఖాయం చేయడానికి హెడ్మాస్టరే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. చర్చిలో నేను స్టాండు మీద పెట్టిన వీడియోలో, ఆమె లేచి మాట్లాడిన ముక్క తీసేయమన్నాడు. ఎప్పుడో తీసేశాను సార్ అన్నాను. వెళ్ళడానికి లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"ప్రార్థనలో వాడి పేరు రాయించింది నేనే అమ్మా. నీకు తెలిసే ఉంటాది."

ఆయన గొడుగు పిడిని చూస్తూ చెప్పాడు. కొడుకు ఇల్లు విడిచిన కొత్తల్లో రైలు పోలీసులు పిలిపించారట. రేణిగుంట దాటాక పట్టాల పక్కన దొరికిన శవాన్ని చూపించారు.

"మొహం లేదమ్మా. తెల్ల చొక్కా చూపించినారు. తెల్ల చొక్కా ఎవురు వెయ్యరు? వాడే అని సెప్పలేకపోయినా. వాడు కాదనీ సెప్పలేకపోయినా. తిరిగొచ్చేసినా. వాళ్ళే పూడ్చేసినారు. యాడ పూడ్చినారో గూడా అడగలేదు."

"అమ్మకి తెలుసా సార్?"

"తెలీదు. ఎవురికీ తెలీదు. ఇన్నేండ్లు ఒగ పూజ గూడా పెట్టించలేదు వాడికి. పెట్టిస్తే సచ్చినాడని ఒప్పుకున్నట్టే గదా. కూతురి పెండ్లిలో అంతమంది నోట ఒగసారి వాడికోసం ప్రార్థన పడితే సాలనుకున్నా. పేర్ల మధ్యలో పోతాది, ఆమె గమనించదనుకున్నా." ముఖం రుద్దుకున్నాడు. "వాడితో మాట్లాడకుండా ఉన్నాను సూడు, ఆ నెలలు. ఒక్క మాట, తిన్నావా అని అడిగింటే సాలు."

మంచినీళ్ళు ఇచ్చాను. తాగి వెళ్ళిపోయాడు.

ఆల్బం తయారయ్యేసరికి వానాకాలం వచ్చింది. ఎవరూ తీసుకుపోకపోతే నేనే బస్సులో పుత్తూరు తీసుకెళ్ళాను. తల్లి తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. ముందు గదిలో మంచం మీద హెడ్మాస్టరు పడుకొని ఉన్నాడు. పక్షవాతం వచ్చిందట. కుడివైపు చచ్చుబడింది, మాట పూర్తిగా పడిపోయింది. కూతురు వచ్చి కొన్నాళ్ళుండి వేలూరు వెళ్ళిపోయింది.

నన్ను చూడగానే ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద కదిలింది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆమె గబగబా వెళ్ళి నోరు తుడిచింది.

"ఇట్లే చేస్తాడు పాపా, పొద్దంతా. నాకు ఏదో సెప్పాలని సూస్తాడు. ఏందో నాకు అర్థం గాదు. నీకేమన్నా తెలుస్తా ఉండాదా?"

ఆయన నన్నే చూస్తున్నాడు. చెప్పమంటున్నాడో, వద్దంటున్నాడో ఆ కళ్ళను బట్టి నేను పోల్చుకోలేకపోయాను.

తెలీదమ్మా అన్నాను. ఆమె కాఫీ పెడతానని లోపలికి పోయింది. నేను ఆల్బం బల్ల మీద పెట్టి, ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. బయట వాన పడుతోంది. ఆమె వచ్చేదాకా ఆయన చూపు నా మీద నుంచి మరలలేదు.