హావ్‌లాక్ నీళ్ల కింద, పక్కన ఎవరూ లేకుండా

ఇది నేను ఒంటరిగా వెళ్లాలనుకున్న ప్రయాణం కాదు. మాది ఆదోని, ఎమ్మిగనూరులో టీచరుగా పనిచేస్తాను. పదకొండేళ్లపాటు రోజూ పొద్దున బస్సులో నా పక్కన కిటికీ సీటు సరళది. ఇద్దరిదీ ఒకే బడి. ఒకరోజు ఆమె ఫోనులో సముద్రం అడుగున తిరిగే చేపల వీడియో చూసి, ఎప్పటికైనా వీటిని కళ్లారా చూడాలని అనుకున్నాం. తర్వాత ఆమెకు కోడుమూరు వైపు బదిలీ అయింది. గొడవేమీ జరగలేదు. రోజూ మాట్లాడుకునేవాళ్లం వారానికోసారి మాట్లాడుకున్నాం, తర్వాత నెలకోసారి. అయినా ఇద్దరికీ అండమాన్ టికెట్లు తీశాను. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు మెసేజ్ వచ్చింది: "రాలేను, ఏమనుకోవద్దు. నువ్వు పోయిరా." కారణం రాయలేదు. నేనూ అడగలేదు.

స్టేషనుకు తీసుకెళ్లిన ఆటో మౌలా మా వీధివాడే. "యాడికక్కా, ఇంత సామాను?" అన్నాడు. అండమాన్ అన్నాను. "ఎవురెవురు పోతాండారు?" నేనొక్కదాన్నే అనేసరికి అద్దంలో నన్ను చూసి, "జాగ్రత్తక్కా, ఆడ దిగినంక ఇంటికి ఫోన్ సెయ్యి" అన్నాడు. ఇంట్లో ఫోనెత్తేవాళ్లు ఎవరూ లేరని అతనికి తెలుసు. మాట వరసకి అన్నాడంతే.

ఆదోని నుంచి చెన్నైకి నేరుగా రైలుంది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. అక్కణ్ణుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటల పైచిలుకు, ఆ ఊరి జెట్టీ నుంచి హావ్‌లాక్ దీవికి పడవలో మరో రెండున్నర గంటలు. పడవ టికెట్ నాకు పదిహేను వందల దాకా పడింది. పక్క సీటు ఖాళీగానే ఉంది. దాని మీద బ్యాగు పెట్టాను, కాసేపటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

మర్నాడు ఉదయం ఏడున్నరకు డైవింగ్. మొదటిసారి దిగేవాళ్లకు ఈత రాకపోయినా ఫర్వాలేదు. ఫొటోలతో కలిపి ఐదు వేలు తీసుకున్నారు. ముందు ఆరోగ్యం గురించి ఒక కాగితం నింపించారు. అందులో అత్యవసరమైతే ఎవరికి చెప్పాలో రాయమన్న గడి దగ్గర నా పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి మా హెడ్మాస్టర్ నంబరు రాశాను.

నన్ను నీళ్లలోకి దింపేది రోజీ అనే అమ్మాయి. ఆ దీవిలోనే పుట్టింది, ముప్పై ఏళ్లుంటాయి. హిందీలో మాట్లాడింది. ఆదోని బజారులో ఉర్దూ విని పెరిగినదాన్ని కాబట్టి ఇబ్బంది కాలేదు. నడుంలోతు నీళ్లలో నిలబెట్టి, నోట్లో పెట్టుకున్న గొట్టంతో గాలి పీల్చడం, చెవులు నొప్పిపెడితే ముక్కు మూసుకుని ఊదడం నేర్పింది. రెండు వేళ్లు సున్నాలా చుడితే బాగున్నానని అర్థం, బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని. మొదటిసారి తల ముంచగానే కళ్లకు పెట్టిన అద్దాల్లోకి నీళ్లొచ్చాయి. గొట్టం ఉమ్మేసి, దగ్గుతూ లేచి నిలబడ్డాను. "నాతో కాదు, డబ్బు తిరిగి ఇవ్వకపోయినా ఫర్వాలేదు, నేను పోతాను" అన్నాను.

రోజీ బతిమాలలేదు. "పోదురుగాని లెండి. పది నిమిషాలు నీళ్లలో ఊరికే కూర్చుందాం. ఇంత దూరం ఎవరికోసం వచ్చారు?" అంది.

అద్దాల్లోని నీళ్లు ఒంపేశాను. తర్వాత గొట్టం నేనే అందుకుని నోట్లో పెట్టుకున్నాను.

ఈసారి దిగాం. రోజీ నా కుడిచెయ్యి వదల్లేదు. తక్కువ లోతులో పగడాలు చాలావరకు మట్టిరంగులో, కొన్నిచోట్ల సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. వీడియోలో చూసిన రంగులు వెతికితే నిరాశే. కిందికి పోయేకొద్దీ ఊదా, పసుపు కనిపించాయి. పచ్చని చిలుక చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర నాకు స్పష్టంగా వినిపించింది. పక్కనెవరో వేయించిన శనగలు నములుతున్నట్టే ఉంది. "చూడు!" అన్నట్టు చటుక్కున, బస్సులో సరళ కూర్చునే ఎడమవైపుకు తిరిగాను. అటు నీలం నీళ్లు తప్ప ఎవరూ లేరు. అద్దాల లోపల కళ్లు తడిశాయి. తుడుచుకోవడానికి వీల్లేదు.

రోజీ ముందుకొచ్చి, బాగున్నారా అని వేళ్లతో అడిగింది. తొందర్లో బొటనవేలు ఎత్తేశాను. వెంటనే నన్ను పైకి లాగడం మొదలుపెట్టింది. అప్పుడు నాలో పుట్టిన భయం ఒక్కటే, ఇది అయిపోతుందేమోనని. తల అడ్డంగా ఊపి, రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగాను. తర్వాత వేళ్లు సున్నాలా చుట్టి చూపించాను. అద్దాల వెనక ఆమె కళ్లు నవ్వాయి. ఇంకో పావుగంట ఉన్నాం.

మధ్యాహ్నం నేను దిగిన బసలో వంట చేసే అప్పలమ్మ చేపల పులుసు వడ్డించింది. ఆమెది శ్రీకాకుళం. "ఒక్కర్తివే ఒచ్చేసినావేటమ్మా?" అని, తన కంచం కూడా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "నీ తోడుకి కాదులే, నాకూ ఆకలేస్తంది." ఇద్దరం పెద్దగా మాట్లాడుకోకుండానే తిన్నాం. రోజీ పంపిన ఫొటోలు వచ్చాయి. సరళకు పంపుదామని పేరు దాకా వెళ్లి ఆగిపోయాను. కోపంతో కాదు. బాగున్నాయని రాస్తుంది, ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు.

కొన్ని స్నేహాలు తెగిపోవు, అరిగిపోతాయి. అందుకే తప్పెవరిదో వెతికినా దొరకదు. నేను మొదట నీళ్లలోకి దిగింది సరళతో అనుకున్న మాట కోసం. మళ్లీ దిగింది, పైకి రానన్నది మాత్రం నా కోసమే. ఒంటరితనం దాంతో తగ్గిందని అబద్ధం చెప్పను. దాన్ని వెంటబెట్టుకుని కూడా తిరగొచ్చని మాత్రం తెలిసింది.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట. డైవింగ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి తిరుగు టికెట్ ఒక రోజు ఆలస్యంగా తీసుకోండి. ఒక్కరే వెళ్తే ఆ రోజు చాలా పొడవుగా ఉంటుంది. అయినా దాన్ని వేరే కార్యక్రమాలతో నింపకండి.