దేవుడికి పనికిరాని రాయి

గురువారం ఉదయం పదిన్నరకు ఆళ్లగడ్డలో, హైవే పక్కన తన షెడ్డులో పికప్ బండికి ఆయిల్ ఫిల్టర్ మారుస్తుండగా, ఆ బండి మా చిన్నమామ మీద పడింది. నంద్యాల ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. ఆయన మా అమ్మకు తమ్ముడు, వృత్తి మెకానిక్. ఆళ్లగడ్డ నుంచి మా పత్రికకు వచ్చిన వార్తలో వయసు అరవై ఐదని ఉంది. యాభై ఎనిమిదని దిద్ది పంపాను.

నాలుగు వాక్యాల వార్త అది. అటువంటివి చాలా రాశాను. ఆ నాలుగు వాక్యాల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ఇంజన్ నూనెలోని మడ్డిని, ఇనుప రజనును పట్టి ఉంచే చిన్న డబ్బా ఆయిల్ ఫిల్టర్. చాలా బండ్లలో బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది. ఈ రకం పికప్‌లో మాత్రం దాన్ని ముందు కుడి చక్రం లోపలి వైపున, సెల్ఫ్ మోటారుకూ సైలెన్సర్ గొట్టానికీ మధ్య ఇరికించారు. పైనుంచి చేయి పోదు. కిందినుంచి చూస్తే కనపడదు. చాలా షెడ్లలో స్క్రూడ్రైవర్‌ను సుత్తితో డబ్బాలోకి దిగ్గొట్టి తిప్పుతారు. డబ్బా చిరిగి, మొదలు ఇంజన్‌కే అతుక్కుపోతే ఆ బండి మా మామ దగ్గరికి వచ్చేది.

ఆయన సుత్తి ముట్టేవాడు కాదు. చక్రం ఊడదీసి, గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుని, మోచేతి దాకా చేయి లోపలికి పెట్టేవాడు. పాత సైకిల్ ట్యూబు ముక్కను డబ్బాకు చుట్టి మెల్లగా తిప్పేవాడు. చేయి లోపల ఉన్నంతసేపు కళ్లు మూసుకునేవాడు. ఎందుకని అడిగితే, "తెరిస్తే ఏం కనపడతాది అల్లుడూ, మడ్డి కంట్లో పడతాది," అన్నాడు.

ఒకసారి కొలిమిగుండ్ల నుంచి నాపరాళ్లు తోలే డ్రైవర్ ఒకడు అవుకు దారిలో ఫిల్టర్ కారుతోందని బండి తెచ్చాడు. మామ కింద పడుకుని ఉన్నాడు. డ్రైవర్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"దీన్ని ఈడ పెట్టినోడు యాడుంటాడు మేస్త్రీ? దొరికితే నాలుగు తన్నాల."

"వాడు ఏసీలో కూర్చోని గీసినాడు లేప్పా. గీతకు చెయ్యి పట్టాల్సిన పన్లేదు గదా."

"నీకు పడతాది గదా, తియ్ మరి."

"తీస్తాండా. నువ్వు గమ్మునుంటే ఇంకా బేగా వస్తాది."

ఆ బండి కారడానికి కారణం అంతకు ముందు ఇంకొకరు చేసిన పొరపాటు. పాత ఫిల్టర్ తీసేటప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగిస్తే, బండి నడిచేటప్పుడు నూనె ఎగజిమ్ముతుంది. అందుకే మామ పాత రింగును చేత్తో తడిమి తీసి, బండి తెచ్చినవాడి అరచేతిలో పెట్టేవాడు. కొందరు చేయి వెనక్కి తీసుకునేవాళ్లు. ఆయన ఊరుకునేవాడు కాదు. "పట్టుకో. పాతది వచ్చిందని నువ్వు సూడాల. కొత్తది ఎక్కిందని నేను చెప్పాల," అనేవాడు.

కొత్తది చేతి బిగువుతోనే వదిలేవాడు. రెంచి వేయమని ఎవరైనా అంటే, "రేపు దీన్ని ఇంకోడు తీయాల. వాడూ మనిషే గదా," అనేవాడు. నాకు తెలిసి ఆ ఇంకొకడు ఎప్పుడూ ఆయనే.

ఆయన భార్య, మా అత్త, రోజూ పది గంటల వేళ క్యారియర్ తీసుకుని షెడ్డుకు వచ్చేది. ఆయన కింద ఉంటే బయట స్టూలు మీద కూర్చునేది. కొత్త ఫిల్టర్ బిగించే ముందు దాని రబ్బరు రింగుకు మంచి నూనె రాయాలి. ఆ పని ఆమెది. వేలితో నూనె తీసుకుని, రింగు చుట్టూ రాసి, బండి కిందికి అందించేది. షెడ్డులో ఆమె చేసే పని అదొక్కటే. ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు.

ఇక రాళ్ల సంగతి.

స్థలం వాళ్లది కాదు. మనిషి దిగి బండి కింద పనిచేసే గుంత తవ్వడానికి స్థలం యజమాని ఒప్పుకోలేదు. కాబట్టి బండిని జాకీతో లేపి, కింద ఏదైనా ఆధారం పెట్టాలి. ఇనుప స్టాండ్లు ఉన్నాయి. కానీ అది నల్లరేగడి నేల. వాన పడితే స్టాండ్ల కాళ్లు దిగిపోయేవి. వెడల్పాటి రాయి దిగదు. పక్క షెడ్డు విగ్రహాలు చెక్కే శిల్పిది. అక్కడ రాళ్లకు కొదువ లేదు.

ఆళ్లగడ్డ శిల్పులు రాయిని చెక్కే ముందు సుత్తితో తట్టి వింటారు. ఖంగుమని మోగితే మంచిది. మొద్దుగా పలికితే లోపల నరం ఉందని లెక్క. నరమంటే కంటికి కనపడని సన్నని చీలిక. ఆ రాయి విగ్రహానికి పనికిరాదు. మెట్టుకో, బట్టలుతికే బండకో పోతుంది. అలా పక్కన పెట్టినవే మామ తెచ్చుకునేవాడు. వాటిలో ఒకటి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అత్త కూడా ఉంది. శిల్పి రాయిని తట్టి మామకు వినిపించాడు.

"ఇన్నావా? గంట మాదిరి లేదు, కుండ మాదిరి ఉండాది. లోపల నరముంది."

"నేనేమన్నా దీనికి పూజ చేస్తానా అన్నా? బండి మోస్తే సాలు."

"మోస్తాదిలే. దేవుడికైతే పనికిరాదు."

"దేవుడికి పనికిరానియన్నీ నాకియ్యి. ఆయప్ప తిరిగి అడగడు."

అందరం నవ్వాం. ఆ రాయి రెండేళ్లకు పైగా బండ్లను మోసింది.

గురువారం జరిగింది ఇదీ. అంతకు ముందు రోజు వాన పడింది. మామ స్టాండ్లు పక్కన పెట్టి ఆ రాయే వాడాడు. ఎప్పుడూ ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కింద పడుకోబెట్టేవాడు, రాయి జారినా చక్రం ఆపుతుందని. ఆ రోజు ఆ చక్రంలో మేకు కనిపించింది. రోడ్డవతల పంచరు షాపుకు పంపాడు. చక్రం వచ్చేదాకా ఆగలేదు. పాత ఫిల్టర్ తీసి, రింగు తీసి బయటికి ఇచ్చాడు. కొత్తది అందించమని అత్తను అడిగాడు. ఆమె నూనె రాసి వంగింది. రాయి నరం వెంట రెండుగా చీలింది.

పెద్ద చప్పుడు కూడా రాలేదంది అత్త. ముందుగా పరిగెత్తుకొచ్చింది శిల్పే. బండిని లేపింది ఆయనా, ఆయన దగ్గర పనిచేసేవాళ్లూ.

ఫోన్ రాగానే పోయి నేను నంద్యాల ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. అంబులెన్స్ వచ్చింది. వెనక తలుపు తీశారు. అత్త కొత్త ఫిల్టర్‌ను రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. ఇమ్మని అడిగితే ఇచ్చింది. రింగు మీద నూనె తడి ఆరలేదు.

మార్చురీ బయట వేపచెట్టు కింద పోలీసులు వివరాలు రాసుకున్నారు. శిల్పి వాళ్ల దగ్గరికి తనే పోయి, రాయి తనదని, మోస్తుందని తానే చెప్పానని అన్నాడు. ఎవరూ అడగకముందే చెప్పాడు. తర్వాత గేటు బయటికి పోయి నిలబడ్డాడు. పంచనామా అయ్యాక ఎస్సై మాకు విషయం చెప్పాడు. ప్రస్తుతానికి ప్రమాదంగానే రాశారు. రాయి ఇచ్చినవాడి నిర్లక్ష్యమని భార్య వాంగ్మూలం ఇస్తే కేసు ఆయన మీదికి తిరుగుతుంది, అరెస్టు కూడా చేయవచ్చు.

అత్త తమ్ముడు కేసు పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు.

"పెడితే ఏమొస్తాదిరా?" అంది అత్త.

"ఏమొచ్చేది లేదక్కా. వాడు ఊరికే పోతాడే అని."

"ఊరికే యాడ పోతాడు? పొద్దున లేస్తే నా మొగం సూడాల గదా."

అతను ఇంకేదో అనబోయాడు. ఆమె చేయి ఎత్తింది.

దహనం శుక్రవారం అయిపోయింది. శిల్పి పాడె మోయడానికి వచ్చాడు. అత్త తమ్ముడు అడ్డం నిలబడ్డాడు. శిల్పి అందరికీ వెనక నడిచాడు. అత్త అది చూసింది.

నిన్న సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టింది. నేను పత్రికలో రాస్తానని ఆమెకు తెలుసు.

"నాకు వానిమీద కోపం లేదని మాత్రం రాయొద్దు నాయనా. ఉండాది. సచ్చేదాకా ఉంటాది."

"మరి స్టేషన్లో ఏం చెప్తావత్తా?"

"ఇన్నది చెప్తా. మోస్తాదన్నాడు. లోపల నరముందని కూడా అన్నాడు. మీ మామ రెండూ ఇని తెచ్చుకున్నాడు. అన్నీ చెప్తా."

"మీ తమ్ముడు ఒప్పుకోడు."

"రాయి వచ్చిన పొద్దు వాడు ఆడ లేడు. నేనుండా, నువ్వుండావ్."

పికప్ ఇంకా షెడ్డులోనే ఉంది, మూడు చక్రాల మీద. పోలీసులు తాడు కట్టారు. చీలిన రాయి రెండు ముక్కలనూ స్టేషనుకు తీసుకుపోయారు. శిల్పి షెడ్డులో పని ఆగిపోయింది.

సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఆళ్లగడ్డ పోలీస్ స్టేషన్లో అత్త వాంగ్మూలం ఇవ్వాలి. ఆ రాయి వచ్చిన రోజు అక్కడ ఉన్నాను కాబట్టి నేనూ ఇవ్వాలి. శిల్పినీ అదే వేళకు రమ్మన్నారు. ఆయన ఇల్లూ మా అత్త ఇల్లూ ఒకే వీధిలో ఉన్నాయి. ముగ్గురికీ కలిపి ఒకే ఆటో మాట్లాడమని అత్త నాకు చెప్పింది.