మందు లేని సకినాలు

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన పిండివంటల దుకాణం నాది. నా పేరు హన్మంత్. చదివింది ఇంటర్, అందులోనూ ఒక సబ్జెక్టు ఇంకా మిగిలే ఉంది. అయినా నిరుడు నూనె ప్యాకెట్ మీద సన్నటి అక్షరాల్లో ‘యాంటీఆక్సిడెంట్ 319’ అని కనబడగానే, జనాన్ని విషం నుంచి కాపాడే బాధ్యత నెత్తికెత్తుకున్నాను. గానుగ నూనె తెప్పించి, ‘మందు కలపని సకినాలు’ అని బోర్డు పెట్టించాను. పక్కన నా ఫొటో కూడా వేయించాను.

కాన్పయిన మా చెల్లె నవత, బిడ్డనెత్తుకొని మహేశ్వరంలోని అత్తగారింటికి పోయే రోజు దగ్గరపడింది. సారె సకినాలు నేనే చేస్తానన్నాను. ఎండాకాలమని తెలిసీ మూడు వారాల ముందే ఆ గానుగ నూనెలో కాల్చి డబ్బాలకెత్తాను.

“గిన్ని రోజులు ఆగుతయా?” అంది నా భార్య నిర్మల.

“నాకు చెప్తవా?” అన్నాను.

సారె సకినాలు అత్తగారి వాడకట్టంతా పంచడం ఆనవాయితీ. పంచారు. నా పుణ్యమా అని ఇంటింటా పాత నూనె కంపు.

మా ఇంట్లో అద్దెకుండే యోబు, రావిర్యాల దగ్గర చిప్స్ కంపెనీలో పనిచేస్తాడు. మిగిలిన సకినం వాసన చూశాడు.

“అన్నా, గాలి తగిలితే నూనె గిట్లనే ఖరాబైతది. నువ్వు భయపడ్డ 319 ఆ దెబ్బ ముందుగాల తనే తీసుకుంటది. కిలో నూనెకు రెండొందల మిల్లీగ్రాములు దాటొద్దని సర్కారు రూలున్నది. గా లోపల ఉంటే ఫికర్ లేదు.”

నేను చాయ్‌లో ముంచుతున్న బిస్కెట్ల కవరు తిప్పి చూపించాడు. అందులోనూ అదే నంబరు. ఏడాదిగా రోజుకో ప్యాకెట్ తింటున్నాను.

అత్తగారింట్లో చెల్లె తల ఎలా ఎత్తుకుంటుందోనని భయపడుతూ ఫోన్ చేశాను.

“ఏం గాలే అన్నా. మూత తీసి నేనే ఎండల పెట్టిన అని చెప్పిన. నీ దుకాణం పేరు పోతది గద.”

“నిన్నేమన్నరు?”

“అత్త నాలుగు మాటలన్నది. పోనీ.”

నాకు ఏడుపొచ్చింది. మర్నాడు ఆ 319 నూనెతోనే తాజాగా కాల్చి, మహేశ్వరం పోయి, గడప గడపకూ పంచి తప్పు నాదేనని చెప్పాను. జనం నవ్వి తీసుకున్నారు. చివరికి నవత అత్త అనంతమ్మ ఒకటి విరిచి వాసన చూసింది.

“గిండ్ల మందున్నదా?”

“అవ్ అత్తమ్మా, ఉన్నది.”

ఆమె నన్ను వదిలేసి, సగం ముక్క నవత చేతిలో పెట్టింది. “మీ అన్న తప్పు ఇంకోసారి నీ మీదేసుకోకు బిడ్డా.”

వాడకట్టు మొత్తంలో నాకు గట్టిగా తగిలిన మాట అదొక్కటే.