గుంజ మీద గొంతు

మా ఇల్లు టేకులపల్లి దాటినంక అడవి అంచుకు ఉంటది. సిగ్నల్ బర్లకొట్టం పక్కన పాతిన వెదురు గుంజ కొసకే వస్తది. అందుకే ఇంట్ల ఉన్న ఒక్క ఫోన్‌ను బట్టసంచిల పెట్టి ఆడ వేలాడేసి, సౌండు పెంచి, కింద పని చేసుకుంట వింటం. బొమ్మ ఎవ్వరం చూడం. ఒక వీడియో అయిపోంగనే ఇంకోటి దానంతటదే మొదలైతది. వాకిట్ల మనిషి లేకున్నా మాట్లాడుతనే ఉంటది.

రెండో బిడ్డ కాన్పుల నాకు రక్తం ఆగలే. నాలుగు సీసాలు ఎక్కించిన్రు. ఇంకో కాన్పు అయితే బతకవని డాక్టరమ్మ మొహం మీదనే చెప్పింది. పిల్లలు కాకుంట చేసే ఆపరేషన్ అంటే భయపడి ఇంటికొచ్చిన. కొన్నాళ్లకు గుంజ మీద ఒక ఆడగొంతు, అచ్చం మా వదిన లెక్క, గర్భసంచిల పెట్టే కాపర్-టీ గురించి నిమ్మళంగ చెప్పింది. విన్నంక ధైర్యమొచ్చింది. మా ఊరి ఆశా అక్కను తోడు తీసుకొని దవాఖానకు పోయి వేయించుకున్న. మా ఆయనది సారపాకల మిల్లు కాంట్రాక్టు పని. ఆదివారం ఇంటికి వస్తే చెప్పిన, మంచిదే అన్నడు.

ఏడాదైనంక ఒక మధ్యాహ్నం బర్రెకు గడ్డి వేస్తున్న. ఆకు కదలట్లేదు. నెత్తి మీద ఒక మగగొంతు, నేను డాక్టర్‌ను అని మొదలుపెట్టింది. కాపర్-టీ రోజుకింత పైకి పాకుతదట, గుండెకు అతుక్కుంటదట. తొందర లేకుంట, ప్రేమగ చెప్పింది. బర్రె నోట్ల గడ్డి అట్లనే పెట్టుకొని పైకి చూసింది.

ఆ రోజు సంది ఎడమ రొమ్ము కింద చురుక్కుమనుడు. నడుం వాల్చితే లోపల ఏదో మెల్లగ జరుగుతున్నట్టే ఉండేది. ఆశా అక్క అదంత అబద్ధమంటే, నీకేం తెల్సు, డాక్టరే చెప్పిండని అక్క మీద ఇంతెత్తున లేచిన. ఒక్కదాన్నే పోయి తీయించుకున్న. నర్సు దాన్ని చూపించి, "పెట్టిన కాడనే ఉండెనమ్మా" అన్నది. ఇంటికొచ్చినంక కూడా చురుకు ఆగలే.

అప్పుడు ఫోన్ దింపి, ఆ వీడియో వెతికి మొదటిసారి కళ్లతోని చూసిన. డాక్టర్ లేడు, అసలు మనిషే లేడు. కదలని మందారపువ్వు ఫొటో, దాని వెనక ఆ గొంతు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మళ్ల వేయించుకుందామనుకునేలోపే నెల తప్పింది. ఏ మొహం పెట్టుకొని చెప్పాలె? ఐదో నెల పడేదాక నోరు తెరవలే. చెప్తే ఆశా అక్క తిడ్తదనుకున్న, తిట్టినా బాగుండు. సంచిల నుంచి పుస్తకం తీసి, పెన్ను పట్టుకొని కూసున్నది.

"నీ రక్తం ఏ గ్రూపు చెల్లె? ఇచ్చేటోళ్లను ఇప్పటి సంది చూసి పెడ్త."