రెండో తెర ఎటువైపు

ప్రెస్సులో అందరూ ఆమెను గంటమ్మ అంటారు. అసలు పేరు ఒకటుంది గానీ హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. ఆవిడ పని చదవడం. వచ్చిన అసలు ప్రతిని కామాలతో ఫుల్‌స్టాపులతో సహా గట్టిగా చదువుతుంటే, పక్కన కూర్చున్న మరిది అచ్చుకు సిద్ధమైన పేజీని కంప్యూటర్ తెర మీద చూస్తూ తప్పులు దిద్దుతాడు. పందొమ్మిదేళ్లుగా ఇదే వరస. భర్త పోయాక ఆ మరిదే తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. "మా వదిన నోట్లో నువ్వుగింజ నానదండీ, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది" అని ఓనరుకు సిఫార్సు కూడా చేశాడు, దొంగ సచ్చినోడు.

ఆ మంగళవారం ఆవిడ వచ్చేసరికి కుర్చీ గోడవారకు జరిగి ఉంది. బల్ల మీద ఒకటి కాదు, రెండు మానిటర్లు. కంప్యూటర్ల మెకానిక్ బల్ల కింద దూరి వైర్లు గుచ్చుతున్నాడు.

"ఇంక గొంతు చించుకోనక్కర్లేదమ్మా," అన్నాడు ఓనరు. "ఒక తెర మీద అసలు ప్రతి, ఇంకో తెర మీద మన పేజీ. పక్కపక్కనే పెట్టుకుని మీ మరిది ఒక్కడే చూసేస్తాడు. దగ్గుమందు డబ్బాలో పెట్టే ఈ కాగితం ఒంటరిగా దిద్దమన్నాను. మధ్యాహ్నానికి తప్పుల్లేకుండా వస్తే, మీ సంగతి... చూద్దాంలెండి."

చూద్దాంలెండి అంటే ఏమిటో ఆవిడకు తెలియదా? యాభై నాలుగేళ్లు వచ్చాయి, వేరే పని రాదు. పైగా, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ పనంటే ప్రాణం. పంపుసెట్ల గురించి చదివినా పాముకాటు గురించి చదివినా, ఆ గదిలో తన గొంతు వినపడుతుంటే తానూ ఒక మనిషినేనని ఉండేది.

ఇంక చూడండి, కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. నీళ్లు తాగొచ్చింది. దుమ్ము లేని బీరువా తుడిచింది. కిటికీ తెరిచింది, మళ్లీ మూసింది. మరిది మాత్రం పెదాలు కదుపుతూ, కుడివైపు పెట్టిన అసలు ప్రతి కోసం మెడ తిప్పి తిప్పి చూస్తున్నాడు.

ఆరోసారి అతని వెనక నుంచి వెళుతూ ఆగిపోయింది. ఆ కాగితాన్ని నిన్ననే ఒకసారి మనసులో చదువుకుంది. అందులో పిల్లల గురించి రెండు వాక్యాలుండాలి. పిల్లలకు భోజనం తర్వాత ఇవ్వాలి. పిల్లలకు రెండేళ్లు నిండకపోతే అసలు ఇవ్వకూడదు. పేజీలో మొదటిది ఉంది, రెండోది లేదు. టైపు చేసిన మహానుభావుడు ఒకటి కొట్టి రెండూ కొట్టేశాననుకున్నాడు. మరిది కూడా ఆ చోటు దాటి కిందికి వెళ్లిపోయాడు.

చూడక కాదు, కనపడక. ఏడాదిగా అతని కుడి కన్ను మసక. పెళ్లానికి కూడా చెప్పలేదు, వదినకొక్కదానికే చెప్పాడు. ఓనరుకు తెలిస్తే ఇంకేముంది? ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

ఊరుకుందామనుకుంది. మందుల కంపెనీవాళ్లు తప్పు పట్టుకుంటే తన కుర్చీ తనకొస్తుంది. పట్టుకోకపోతే? ఏ తల్లో ఆ మందును పసిగుడ్డు నోట్లో పోస్తుంది. పోనీ నోరు విప్పి చెబితే, ఎలా చూడలేదని ఓనరు మరిదిని నిలదీస్తాడు. వరండాలోకి వెళ్లింది. "ఛీ, నా బుద్ధి తగలెయ్య!" అని తిట్టుకుని లోపలికొచ్చింది.

"ఏమయ్యా, ఆ తెర ఎడమవైపుకు మార్చు," అంది మెకానిక్‌తో.

"ఎటుంటే ఏంటమ్మా? వైర్లన్నీ కట్టేశాను."

"కట్టినవాడివి విప్పలేవా? ఇన్నేళ్లూ అటు కూర్చునే చదివాను. అతనికి అటే అలవాటు."

గొణుక్కుంటూ మార్చాడు. మౌస్ బాణం ఎడమకు జరిపితే కుడి తెరలోకి పోతుంటే, సెట్టింగు కూడా సరిచేయించింది. తెర కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి కంటి ఎత్తుకు తెచ్చింది. కిటికీ వెలుతురు పడకుండా ఓరగా తిప్పింది. మరిదికి అంతా అర్థమైంది.

"వదినా, నువ్వెందుకు..."

"నోర్మూసుకుని మొదటినుంచి చూడు."

పావుగంటకు అతను ఎగిరినంత పని చేశాడు. "అమ్మో! ఇక్కడ వాక్యానికి వాక్యమే పోయిందండీ!"

ఓనరు పరుగున వచ్చి చదివి నుదురు తుడుచుకున్నాడు. "చూశారా? ఒక్కడే పట్టేశాడు! నువ్వే చెప్పవయ్యా, ఇంక చదివే మనిషి కావాలా?"

మరిది లేచి నిలబడ్డాడు. మొహంలో సంతోషం పోయింది. "అది కాదండీ. అసలు నా కన్ను..."

"అక్కర్లేదండీ!" గది ఖంగుమంది. "ఒక్కడే చేస్తాడు. బాగా చేస్తాడు."

అనేసి, ఏడుపు ఆపుకోలేక గంటమ్మ వరండాలోకి వెళ్లిపోయింది.