హెడ్‌ఫోన్లలో మనిషి

మా ఆయన పేకాటలో కప్పు గెలిచారన్న కబురు చర్చిలో తెలిసిన వారం, పాస్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందామా అమ్మా?" అన్నారు. వద్దనలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని, మా ఆయన్ని చెడు సావాసాల నుంచి తప్పించమని ప్రభువుని వేడుకున్నారు. నేను ఆమెన్ అన్నాను. ఆయన సావాసం ఎవరితోనో ఆవిడకి తెలీదు. తెలిస్తే ఏమని ప్రార్థించేవారో నేను ఇప్పటికీ ఊహించలేను.

మేముండేది షార్జాలో. నేను స్టాఫ్ నర్సుని, మాది నరసాపురం వైపు. మా ఆయన మ్యూజిక్ ప్రొడ్యూసర్. ఎవరైనా నాలుగు లైన్ల పాట, గొంతులో ఒక వరస పట్టుకొస్తే దానికి కీబోర్డు, డ్రమ్ములు, కోరస్ అన్నీ కూర్చి, వినదగ్గ పాటగా చేసి చేతిలో పెడతారు. మా రెండో పడకగదే స్టూడియో. గోడలకి ఫోము, తలుపుకి మందపాటి రగ్గు. క్రిస్మస్ పాటలు, పెళ్ళి పాటలు, బంగారం కొట్ల ప్రకటనలు, ఏది వస్తే అది. ఆయనకి నోరు ఊరుకునేది కాదు. కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఏదో ఒక కూనిరాగం. పెళ్ళైన కొత్తలో విసుక్కునేదాన్ని. తర్వాత ఫ్రిజ్ చప్పుడులాగే అదీ ఇంట్లో ఒక భాగమైపోయింది.

డ్రమ్ములు వాయించడానికి ఒక తమ్ముడు వచ్చేవాడు. ఆర్మూరు దగ్గర పల్లెటూరు, భార్యా పిల్లా అక్కడే. దుబాయ్ అవతల జెబెల్ అలీ రేవులో ఒక గోడౌన్‌లో సామాన్లు ఎక్కించే పని. శుక్రవారం సెలవు దొరగ్గానే రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే గుమ్మం మీద వేళ్ళతో దరువు వేసేవాడు. "వదినె, పులుసు వాసన లిఫ్టులకెంచే వస్తున్నది" అనేవాడు. మా ఆయన అతన్ని సొంత తమ్ముడిలాగే తిట్టేవారు, సొంత తమ్ముడిలాగే పక్కన కూర్చోబెట్టుకుని తినిపించేవారు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆ చిన్న గదిలో ఇద్దరూ. మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత ఇరుకు.

కరోనా వచ్చిన ఏడాది మా హాస్పిటల్ వాళ్ళు వార్డులో పనిచేసే నర్సులందర్నీ ఇళ్ళకి పోనివ్వకుండా ఒక హోటల్లో పెట్టారు. మా ఆయన ఫ్లాట్‌లో ఒక్కరే. పెళ్ళిళ్ళు లేవు, ప్రకటనలు లేవు, పాట పాడేవాళ్ళు గుమ్మం దాటడం లేదు. అక్కడ జెబెల్ అలీలో తమ్ముడు ఉండే కూలీల క్యాంపుకి తాళం పడింది. వాళ్ళిద్దరూ ఫోన్లు స్పీకర్లో పెట్టుకుని పోకర్ ఆడడం అప్పుడే మొదలైంది. ఏదో యాప్, డబ్బుల్లేని ఆట, పందేనికి ఉత్తుత్తి బిళ్ళలు. క్యాంపులో ఒక నేపాలీ దగ్గర తమ్ముడు నేర్చుకుని మా ఆయనకి నేర్పాడు.

"ఏం ఆటది?" అని నేను హోటల్ గదిలోంచి ఫోన్లో అడిగితే, "చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అయిదు. మిగతాదంతా ఎదుటివాడి మనసులో ఏముందో కనిపెట్టడమే" అన్నారు.

"కనిపెడతన్నారా మరి?"

"ఎక్కడే! రోజూ వాడే గెలుస్తన్నాడు. వాడికి నా ముక్కలు కనబడతన్నాయేమో అనిపిస్తంది నాకు."

కొన్నాళ్ళకి తమ్ముడికి జ్వరం వచ్చింది. అంబులెన్సు అతన్ని మా హాస్పిటల్‌కే తెచ్చింది. ఏ వార్డుకి వెళ్తాడో మన చేతిలో లేదు గానీ, నా వార్డుకే వచ్చాడు. మేమందరం తలనుంచి కాళ్ళదాకా తెల్లటి సూట్లలో ఉండేవాళ్ళం, ఎవరు ఎవరో తెలిసేది కాదు. నేను పేరు అడిగేసరికి కళ్ళు పెద్దవి చేశాడు.

"వదినె... నువ్వేనా?"

"నేనే నాన్నా. మాట్లాడకు, ఆయాసం వస్తది."

అతనికి చిన్నప్పుడెప్పుడో ముక్కు విరిగి సరిగ్గా అతుక్కోలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పైన సన్నగా ఈల వేసినట్టు వినిపించేది. మామూలుగా ఉన్నప్పుడూ అంతే, మా ఇంట్లో అన్నం తింటుంటే విని నవ్వుకునేవాళ్ళం. వార్డులో ఆ ఈల పెద్దదైంది. మిషన్ చూడకుండానే, తెరకి ఇవతల నించుని ఆ చప్పుడుని బట్టి అతను ఎలా ఉన్నాడో చెప్పగలిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం కొంచెం తేలిగ్గా ఉన్నాడు. మాస్కు పక్కకి జరిపి, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"వదినె, ఒక ముచ్చట చెప్త. అన్నకు చెప్పద్దు."

"చెప్పనులే."

"మంచి ముక్కలొచ్చినయనుకో, అన్న కూనిరాగం బందైతది. గంతే! నేను ఫోన్ల ఇనుకుంట ఆడుతున్న. రాగం ఆగిందా, నేను ముక్కలు కింద పడేసి ఆ ఆట ఇడిసిపెడ్త." నవ్వాడు. నవ్వు దగ్గులోకి మారింది. దగ్గు తగ్గాక, "నేను మంచిగై పోయినంక చెప్పు. ఇప్పుడే చెప్తే నేనెట్ల గెలవాలె?" అన్నాడు.

అతను ఆ వార్డు నుంచి ఐసీయూకి వెళ్ళాడు. అక్కడి నుంచి ఇంక రాలేదు. అతని అన్నగారొకాయన ఈ దేశంలోనే, అవతలి తీరాన కల్బాలో దర్జీ దుకాణంలో పనిచేస్తున్నాడు. దార్లు మూసేయడంతో ఆయన రాలేకపోయాడు. శవాన్ని ఊరికి పంపే వీలు లేదు. ఇక్కడే దహనం చేశారు. మా వాళ్ళెవరూ దగ్గర లేరు.

మా ఆయనకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "చివరికి ఏమన్నా అన్నాడా?" అని అడిగారు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ముచ్చటే. చెప్పేశాను. "ఓహో" అన్నారు. అంతే.

డ్యూటీ మారి నన్ను ఇంటికి పంపాక తలుపు తీసి లోపలికి అడుగుపెట్టాను. ఇల్లు శుభ్రంగా ఉంది. వంటగదిలో ఆయన ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఏదో తేడాగా ఉందనిపించింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు. కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు నుంచి ఆయన నోట కూనిరాగం రాలేదు. బలవంతాన మానుకున్నారో, దానంతటది పోయిందో నేను అడగలేదు.

హోటళ్ళు మళ్ళీ తెరిచాక, దుబాయ్‌లో ఒకచోట ఉచిత పోకర్ పోటీలు మొదలయ్యాయి. డబ్బు పెట్టి ఆడితే ఇక్కడ జైలే. ఇవి కప్పు కోసం, పేరు కోసం ఆడే ఆటలు. మా ఆయన ఒకసారి వెళ్ళొస్తానన్నారు. వెళ్ళి, మొదటిసారే చివరి బల్ల దాకా ఆడి వచ్చారు. మరుసటి నెల గెలిచారు. ఆ తర్వాత ఇంకోటి. పాటల సీడీలు పెట్టుకునే అరలో కప్పులు చేరాయి.

నాకు భయం వేసింది. మా నాన్న పేకాటని ఇంటి గడప తొక్కనివ్వలేదు. సిలువ కింద ప్రభువు బట్టల కోసం చీట్లేసుకున్న సైనికుల గురించి చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. "మీకెలా వస్తంది ఈ విద్య?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఇదీ నా పనే. అందరూ చేతిలో బిళ్ళలు ఆడిస్తా ఉంటారు, టకటకా, టకటకా. నిజంగా ముక్కలున్నోడి చెయ్యి కాస్త అటూ ఇటూ అవుద్ది, మనిషి వాయించినట్టు. ముక్కల్లేకుండా బొంకుతున్నోడు మాత్రం లెక్క తప్పకుండా వాయిస్తాడు, మిషన్ లాగ. మిషన్ తాళం ఏదో, మనిషి తాళం ఏదో నాకు తెలీదా?"

"మరి చెవులకి ఆ హెడ్‌ఫోన్లెందుకు? అవి పెట్టుకుని బిళ్ళల చప్పుడెలా వింటారు?"

"ఒక చెవికే" అని లేచి వెళ్ళిపోయారు.

నిజమే. ఆయన ఆటకి వెళ్ళేటప్పుడు పెద్ద నల్ల హెడ్‌ఫోన్లు ఎడమ చెవికి ఆనించుకుని, కుడిచెవి వదిలేసేవారు. తోటి ఆటగాళ్ళు ఆయన్ని "మ్యూజిక్ భాయ్" అనేవారు, ఏదో పాట వింటున్నాడనుకునేవారు. పోనుపోను ఇంట్లోనూ పెట్టుకోవడం మొదలైంది. బాల్కనీలో ఎడమ చెవికి వాటిని పెట్టుకుని కూర్చునేవారు. ముఖంలో పాట వింటున్న మనిషి కదలిక ఉండేది కాదు. తల ఊగదు, కాలు ఆడదు. ఎవరో మాట్లాడబోతున్నట్టు ఎదురుచూస్తూ కూర్చున్నట్టుండేది. ఒకసారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చోబోతే, "అందులో కాదు" అన్నారు. అని, తనే ఉలిక్కిపడి, "కూర్చో, కూర్చో" అన్నారు. నేను కూర్చోలేదు.

ఆ ఏడాది పోటీల్లో ముందున్నవాళ్ళని జార్జియా దేశంలో పెద్ద పోటీకి పంపారు. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన్ని ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. ఒంటరిగా అన్నది సరైన మాటో కాదో.

తాడు కట్టిన అవతల ప్రేక్షకుల కుర్చీలు. ఆట చాలామట్టుకు నాకు అర్థం కాలేదు. ఒక్కొక్కరే లేచి, చెయ్యి కలిపి వెళ్ళిపోతుంటే మా ఆయన మాత్రం కూర్చునే ఉన్నారు. చివరికి ఆయనా, గడ్డమున్న ఒక పెద్దమనిషీ మిగిలారు. ఆ పెద్దమనిషి తన బిళ్ళలన్నీ ముందుకి తోశాడు. తోసి, ఆ కుప్పలోంచే రెండు బిళ్ళలు తీసుకుని వేళ్ళ మధ్య ఆడిస్తున్నాడు. నాకు కూడా వినబడింది ఆ టకటక. నూలుపోగు తేడా లేదు. మా ఆయన తల కొంచెం ఎడమకి వంచారు, పక్కనున్నవాణ్ణి ఏమంటావని అడుగుతున్నట్టు. అక్కడ ఎవరూ లేరు, ఖాళీ కుర్చీ. అప్పుడు నిదానంగా తన బిళ్ళలు కూడా ముందుకి తోశారు.

ముక్కలు తిప్పారు. అవతలివాడి చేతిలో ఏమీ లేదు. జనం చప్పట్లు కొట్టారు. కప్పు చేతికిస్తే ఫోటోకి నిలబడ్డారు. ఫోటోలో కూడా, మీరు చూస్తే, ఇంకొకరు నిలబడడానికి చోటు వదిలినట్టు ఒక పక్కకి జరిగి ఉంటారు.

మరుసటి రోజు మధ్యాహ్నం హోటల్ గదిలో ఆయన నిద్రపోతుంటే హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి పెట్టుకున్నాను. ఫోన్లో అది ఆడుతూనే ఉంది. పాట కాదు. ముందు గది హోరు. మా స్టూడియో గదే, రగ్గు వెనక ఏసీ సన్నగా మోగుతోంది. తర్వాత డ్రమ్ముల స్టూలు కిర్రుమంది. కర్రలు ఒకదానికొకటి తగిలాయి. ఆపైన ఊపిరి. తీసుకోవడం, వదలడం. ఇప్పుడే దరువు మొదలవుతుందనుకునేలోపు మళ్ళీ మొదటికి వచ్చి గది హోరు. పాత రికార్డింగులన్నిట్లోంచి తమ్ముడు వాయించడానికి ముందు ఎదురుచూసిన ఆ కాస్త జాగాలు కత్తిరించి, ఒకదానికొకటి అతికించుకున్నారు. వాయించిన చోటల్లా తీసేశారు.

స్టూలు అతనిదే. కర్రలు అతనివే. ఊపిరిలో మాత్రం ఈల లేదు. పొడుగ్గా, నింపాదిగా, వదిలాక ఒక్క క్షణం ఆగి, పెదవులు చిన్నగా విడిపోయి మళ్ళీ తీసుకునే ఊపిరి. పెళ్ళైన నాటి నుంచి నేను పక్కన పడుకుని వింటున్న ఊపిరి. ఆ ఇరుకు గదిలో మైకు మా ఆయన కుర్చీ పక్కనే ఉండేది. నేను హెడ్‌ఫోన్లు తీశాను. మంచం మీంచి అదే ఊపిరి, అదే వరసలో వినబడుతోంది.

లేపి చెప్పాలనుకున్నాను. లోకంలో ఎవరి చెవి గురించైనా అనుమానం రావచ్చు గానీ, ఆయన చెవి గురించి రాదు. మరి ఆయనకెందుకు తెలియలేదు? తెలిసీ వింటున్నారా? ఎటు ఆలోచించినా భయమే వేసింది. హెడ్‌ఫోన్లు ఉన్నచోట పెట్టేశాను.

షార్జా తిరిగొచ్చిన కొన్నాళ్ళకి కల్బా నుంచి తమ్ముడి అన్నగారు వచ్చారు. తల నెరిసిన మనిషి, చొక్కా జేబులో ఇంకా సూది గుచ్చి ఉంది. తమ్ముడు వాయించిన పాటలేమైనా ఉంటే వినాలని ఉందన్నాడు. మా ఆయన పాటలు వినిపించారు. ఆయన మర్యాదగా విన్నాడు. "మస్తుగున్నయి" అన్నాడు. కానీ వెతుక్కుంటున్నది అందులో దొరకలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అప్పుడు మా ఆయన లేచి ఆ నల్ల హెడ్‌ఫోన్లు తెచ్చి ఆ అన్నగారి చెవులకి పెట్టారు.

నేను టీ కప్పులతో గుమ్మంలో ఆగిపోయాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, "మావోడే" అన్నాడు గట్టిగా, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళు అరిచినట్టు. "ఇగో, గిట్లనే ఊపిరి ఇడిసేటోడు. చిన్నగున్నప్పుడు నా పక్కకే పండుకునేటోడు తమ్మీ... మావోడే."

మా ఆయన నావైపు చూశారు. ఆ చూపులో గర్వం ఉందో, ఇంకేదైనా అడుగుతున్నారో చెప్పలేను. నేను కప్పులు బల్ల మీద పెట్టి, "చక్కెర సరిపోయిందో లేదో చూడండి" అన్నాను.

వెళ్ళేటప్పుడు ఆయన, "మా మరదలికి పంపుత, ఆమె ఫోన్ల కూడ ఉండనియ్యి" అన్నాడు. మా ఆయన అక్కడికక్కడే పంపించారు. అలా అది ఆర్మూరు దగ్గర పల్లెకి వెళ్ళింది.

మా ఆయన ఇంకా ఆడుతున్నారు, ఇంకా గెలుస్తున్నారు. పాటల పనీ మళ్ళీ వచ్చింది. డ్రమ్ములు మాత్రం కంప్యూటర్‌తోనే వేస్తారు. ఆ స్టూలు గదిలోనే ఉంది. దానిమీద బట్టలు కూడా పెట్టం.

మొన్నీమధ్య తమ్ముడి భార్య నాకు ఫోన్ చేసింది. ఎప్పుడూ మాట్లాడిన మనిషి కాదు. కాసేపు ఎండల గురించి, పిల్ల చదువు గురించి చెప్పి ఆగింది.

"అక్కా, అది రోజు ఇంటున్న. దిండు కింద పెట్టుకుంట. పక్కకు మనిషి పండుకున్నట్టే ఉంటది."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నువ్వు ఇన్నవా అక్కా? దవాఖానల ఆఖరుకు నువ్వే ఉన్నవట గద. నువ్వు గుర్తుపట్టినవా?"

హాల్లో మా ఆయన ఆటకి వెళ్ళడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. నేను బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"వినగానే గుర్తుపట్టానమ్మా" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆమె సంతోషపడింది. "సరే అక్కా, ఉంట మరి" అని ఫోన్ పెట్టేసింది.